ఏసీ, లైటింగ్, సోలార్ డిజైన్‌కి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి: నెల్లూరు, ఒంగోలు సైడు పనిచేసేవాళ్ళ కోసం

ఈ మధ్య డిప్లొమా, బీటెక్ అయిపోయి బిల్డింగ్ సర్వీసుల డిజైన్‌లోకి వస్తున్న పిల్లలు చాలామంది ఒకటే అడుగుతున్నారు. అన్నా రెవిట్ నేర్చుకోమంటావా, హ్యాప్ నేర్చుకోమంటావా, లేకపోతే ఎనర్జీప్లస్ ఫ్రీ కదా అదే పట్టుకోమంటావా అని. రెవిట్ అంటే బిల్డింగ్‌ని త్రీడీలో గీసేది, హ్యాప్ ఏసీ లోడు లెక్క వేసేది, ఎనర్జీప్లస్ బిల్డింగ్ వేడి, కరెంటు గంట గంటకీ లెక్క వేసేది. ఇట్టా అడిగితే నేను పేరు చెప్పను, ముందు నువ్వు ఏ బిల్డింగ్ చేస్తున్నావు, ఇప్పుడు తేలాల్సింది ఏంది అని ఎదురు అడుగుతా. ఎందుకంటే ఇవన్నీ ఒకే పనికి ఉన్న పది రకాల సరుకు కాదు, ఒక్కోటి ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్పుద్ది, పక్క ప్రశ్న అడిగితే నోరు మెదపదు.

ఇంకో మాట కూడా ముందే చెప్తా. స్క్రీన్ మీద ఇంటరాక్టివ్‌గా డిజైన్ చేయడంలో అసలు లాభం ఏందంటే, ఒక అంకె మార్చి దాని ఫలితం అప్పటికప్పుడు చూడటం. శ్లాబు పోయకముందు ఓనర్ ఎదురుగా కూర్చున్నప్పుడు "సార్, పైకప్పుకి ఇన్సులేషన్ వేస్తే ఇన్ని టన్నులు తగ్గుతాయి, చూడండి" అని చూపించగలిగితే ఆ సాఫ్ట్‌వేర్ మీకు పనికొచ్చినట్టు. రెండు రోజులు మోడల్ గీసి, రాత్రంతా రన్ చేసి, పొద్దున రిపోర్ట్ తీసేలోపు మేస్త్రి సెంట్రింగ్ కొట్టేశాడనుకోండి, ఆ రిపోర్ట్ ఎంత గొప్పదైనా ఫైల్లో ఉంటది అంతే. అందుకే ఎంత కచ్చితంగా చెప్పుద్ది అనే దానితోపాటు ఎంత త్వరగా రెండో ప్రశ్న అడగనిస్తుంది అనేది కూడా చూసుకోవాలి, నా లెక్కలో రెండోదే ముఖ్యం.

మన దగ్గర ఎక్కువగా వచ్చే పని తీసుకుందాం, కల్యాణ మండపం. నెల్లూరు మినీ బైపాస్ మీద అయినా, ఒంగోలు కర్నూలు రోడ్డు మీద అయినా, 6,000 చదరపు అడుగుల హాలు అనుకోండి. మామూలుగా ఏసీ కాంట్రాక్టర్ నోటి లెక్క 120 చదరపు అడుగులకి ఒక టన్ను, అంటే 50 టన్నులు. ఇప్పుడు దీన్ని విడగొట్టి చూద్దాం. 500 మంది కూర్చుంటారనుకుంటే ఒక్కో మనిషి సుమారు 120 వాట్ల వేడి వదులుతాడు, మొత్తం 60 కిలోవాట్లు, టన్నుకి 3.517 కిలోవాట్ల లెక్కన 17 టన్నులు. బయట గాలి, అంటే ఫ్రెష్ ఎయిర్, అష్రే (అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం) 62.1 స్టాండర్డ్ ప్రకారం జనం కూడే హాలుకి మనిషికి 5 సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఘనపుటడుగులు), చదరపు అడుగుకి ఇంకో 0.06, మొత్తం 2,860 సీఎఫ్ఎమ్. బయట 38 డిగ్రీలు, వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది, గాలిలో తేమ దీన్నుంచే తెలుస్తుంది) 28 అనుకుని, లోపల 24 డిగ్రీలు 55 శాతం తేమ పెట్టుకుంటే ఈ గాలిని చల్లార్చి ఆరబెట్టేదానికే మళ్ళీ 17 టన్నులు పోతుంది. జనానికి ఎంతో బయట గాలికీ అంత! చాలామంది ఈ రెండోది లెక్కలోనే వేయరు. తర్వాత ఇన్సులేషన్ లేని శ్లాబు నుంచి 9 టన్నుల దాకా, లైట్లకి రెండున్నర మూడు, గోడలు అద్దాలు కలిపి మిగతాది. తిప్పి తిప్పి 50 దగ్గరికే వచ్చింది, నోటి లెక్క తప్పు కాదన్నమాట.

కానీ ఇప్పుడు 500 తీసేసి 1,000 పెట్టండి. మన పెళ్ళిళ్ళలో ఇది ఊహ కాదు కదా, రిసెప్షన్ రోజు అంతమంది రాకపోతేనే వింత. జనం వాటా 34 అయింది, బయట గాలి వాటా 32 అయింది, మిగతావి అట్టాగే ఉన్నాయి, మొత్తం 80 దాటింది. నోటి లెక్క మాత్రం ఇంకా 50 దగ్గరే కూర్చుంది, ఎందుకంటే దానికి చదరపు అడుగులు తప్ప మనుషులు కనపడరు. కొత్తగా కట్టిన హాల్లో కూడా భోజనాల టైముకి పెళ్ళికూతురి మేకప్ కారిపోయేది ఇందుకే.

ఈ లెక్క చేసేదానికి మీకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఈ20 షీట్ చాలు. ఏసీ లోడు లెక్క వేసే ఫారం, మన ఫీల్డులో అందరికీ తెలిసిందే, ఎక్సెల్లో ఒక పేజీ. దాన్ని తక్కువగా చూడొద్దు, మనుషుల సంఖ్య గడిలో 1,000 కొట్టి ఎంటర్ నొక్కగానే టన్నులు మారుతాయి, ఓనర్ పక్కన కూర్చుని చూస్తాడు, కరెంటు పోయినా ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. మొదటి మీటింగుకి దీన్ని మించింది నాకు కనపడలేదు. కాకపోతే ఒకటుంది, ఈ20 ఒక్క గంటకి మాత్రమే లెక్క చెప్పుద్ది, సాయంత్రం నాలుగింటికి అని మీరు అనుకుంటే ఆ నాలుగింటికే.

మండపానికి అసలు ఇబ్బంది వచ్చేది ఆడే. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే ఎండే లేదు, జనం ఉన్నారు. రిసెప్షన్ రాత్రి ఎనిమిదింటికి, ఎండ పోయింది గానీ పగలంతా కాగిన శ్లాబు అప్పుడు వేడిని లోపలికి వదులుతా ఉంటది, రోహిణి కార్తెలో డాబా మీద పడుకున్న ఎవరినడిగినా ఈ సంగతి చెప్తారు. మధ్యాహ్నం మూడింటికి ఎండ పీక్‌లో ఉన్నప్పుడు హాల్లో వంటవాళ్ళు, డెకరేషన్ వాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. జనం, ఎండ, శ్లాబు వేడి, ఈ మూడింటి పీక్ ఒకే గంటలో కలవదు, అన్నీ కలిపి ఒకే గంటకి వేసేస్తే మెషిన్ పెద్దదైపోద్ది, ఒకటి వదిలేస్తే చిన్నదైపోద్ది. గంట గంటకీ లెక్క వేసే సాఫ్ట్‌వేర్ అవసరం ఇక్కడ మొదలవుద్ది.

ఆ వరసలో మన చుట్టుపక్కల కన్సల్టెంట్లు ఎక్కువగా వాడేది క్యారియర్ వాళ్ళ హ్యాప్. చెన్నై, హైదరాబాద్ ఆఫీసుల్లో ఉద్యోగానికి వెళ్తే అడిగేది కూడా ఎక్కువ ఇదే. గది గదికీ షెడ్యూల్ ఇవ్వొచ్చు, ఏ గంటలో పీక్ వస్తుందో చెప్పుద్ది, సైక్రోమెట్రిక్ లెక్క, అంటే గాలిలో వేడి, తేమ ఎట్టా మారుతున్నాయో చూపిస్తది, కాయిల్ సైజుకి కావాల్సిన అంకెలన్నీ రిపోర్టులో దొరుకుతాయి, ఆ రిపోర్ట్ చూస్తే కంపెనీ వాళ్ళు కూడా ఎదురు ప్రశ్న లేకుండా కొటేషన్ ఇస్తారు. లైసెన్స్ డబ్బులు మాత్రం కట్టాల. నెలకి రెండు మూడు ప్రాజెక్టులు చేసే ఆఫీసుకి గిట్టుబాటు అవుద్ది, ఏడాదికి రెండు చేసేవాళ్ళకి కాదు.

రెండోది ఎనర్జీప్లస్. అమెరికా ఇంధన శాఖ వాళ్ళు చేయించింది, అంతకుముందున్న బ్లాస్ట్, డీఓఈ-2 అనే రెండింటి మంచిని కలిపి 2001లో బయటికి వచ్చింది, పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్. కానీ అది ఇంజిన్ మాత్రమే, టెక్స్ట్ ఫైల్ ఇస్తే టెక్స్ట్ జవాబు ఇస్తది, ఓనర్‌కి చూపించేదానికి ఏమీ ఉండదు. దాని ముందు ఏదో ఒక ముఖం పెట్టుకోవాలి. ఫ్రీగా కావాలంటే ఓపెన్‌స్టూడియో, స్కెచప్‌లో బిల్డింగ్ గీసి దీంట్లోకి తెచ్చుకోవచ్చు. డబ్బులు పెట్టగలిగితే డిజైన్‌బిల్డర్, 30 రోజులు ట్రయల్ ఇస్తారు, ఆ 30 రోజుల్లో ఒక నిజమైన ప్రాజెక్టు పెట్టి చూసుకుని అప్పుడు కొనాలా వద్దా అని తేల్చుకోండి, శాంపిల్ ఫైల్‌తో ఆడుకుంటే ఏమీ అర్థం కాదు. లోపల ఇంజిన్ ఒకటే కాబట్టి జవాబులో పెద్ద తేడా ఉండదు, తేడా అంతా ఎంత సుఖంగా మార్చి చూడొచ్చు అనే దాంట్లోనే. డిజైన్‌బిల్డర్‌లో కిటికీ పైన సజ్జా రెండడుగుల నుంచి మూడడుగులకి లాగడం నిమిషంలో పని. ఓపెన్‌స్టూడియోలో అదే పని అవుద్ది గానీ మొదట్లో మీకు ఓపిక కావాల, ఎర్రర్ ఫైల్ చదవడం అలవాటు కావాల.

ఈక్వెస్ట్ అని ఇంకోటి ఉంది, అది కూడా ఫ్రీనే, విజార్డ్‌లో అడిగినవి నింపుకుంటా పోతే గంటలో మోడల్ తయారు. పాతది, అడుగులు బీటీయూల్లోనే మాట్లాడుద్ది, వాతావరణ ఫైల్ కూడా దాని ఫార్మాట్‌లోకి మార్చి ఇవ్వాలి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేనైతే చెప్పను, ఇప్పటికే అది వచ్చినవాళ్ళు వాడుకోవచ్చు.

వాతావరణ ఫైల్ అన్నాను కదా, దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాల, ఎందుకంటే మన జిల్లాల్లో జవాబు మంచిదో చెడ్డదో తేల్చేది సాఫ్ట్‌వేర్ కంటే ఇదే. గంటగంటకీ లెక్క వేయాలంటే ఏడాదిలో 8,760 గంటలకీ ఎండ, తేమ, గాలి ఎట్టా ఉన్నాయో ఫైల్ ఇవ్వాలి. మన అదృష్టం, ఇష్రే (మన దేశపు ఏసీ ఇంజినీర్ల సంఘం) వాళ్ళు చేసిన ఊళ్ళ లిస్టులో నెల్లూరు ఉంది, ఎనర్జీప్లస్ సైట్‌లో ఫ్రీగా దొరుకుద్ది. ఒంగోలు పని చేసేవాళ్ళు కూడా ఆ లిస్టులోంచే తీసుకోవాలంటే నెల్లూరుదే పెట్టుకోండి, రెండూ సముద్రం పక్కనే, తేమ ఒకే రకం. హైదరాబాద్ ఫైల్ మాత్రం పెట్టొద్దు, అక్కడి ఎండాకాలం పొడిగా ఉంటది, టన్నులు తక్కువ చూపిస్తది. కనిగిరి సైడు అయితే సముద్రానికి దూరం కాబట్టి మళ్ళీ వేరు, అక్కడ నెల్లూరు ఫైల్ తేమ ఎక్కువ చెప్పే వీలుంది, కర్నూలుది కూడా పెట్టి రెండూ రన్ చేసి మధ్యలో ఎక్కడుందో చూసుకోండి.

ఇంకా ముఖ్యమైంది, ఫైల్లో మే నెల ఒక్కటే చూడొద్దు. మనకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కార్తీక మాసంలో ముసురు పట్టినప్పుడు బయట 26, 27 డిగ్రీలే ఉంటది గానీ గాలంతా నీళ్ళే. మే నెలకి సరిపడా పెట్టిన పెద్ద మెషిన్ ఆ రోజు అయిదు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోద్ది, తేమ తీసే టైమే దానికి దొరకదు, గది చల్లగా ఉండి కూడా చెమ్మగా, ముక్కవాసన వస్తా ఉంటది. కార్తీకంలో పెళ్ళిళ్ళు కూడా ఉంటాయి కదా. ఈ20లో ఇది అస్సలు కనపడదు. హ్యాప్‌లోనూ ఎనర్జీప్లస్‌లోనూ నవంబర్ నెల లోపలి తేమ గ్రాఫ్ తీసి చూస్తే కనపడుద్ది, అప్పుడు ఒక పెద్ద మెషిన్ బదులు మూడు నాలుగు చిన్నవి పెడదామా, వీఆర్‌ఎఫ్ (ఒకే అవుట్‌డోర్‌కి చాలా ఇండోర్లు, అవసరాన్ని బట్టి తగ్గి పెరిగేది) పెడదామా, ఫ్రెష్ ఎయిర్‌కి వేరే యూనిట్ పెడదామా అనేది మాట్లాడుకోవచ్చు.

మొదట్లో పైకప్పు ఇన్సులేషన్ మాట అన్నాను కదా. శ్లాబు యూ వాల్యూ, అంటే ఒక డిగ్రీ తేడాకి చదరపు మీటరులోంచి ఎన్ని వాట్ల వేడి దూరుద్దో ఆ అంకె, ఇన్సులేషన్ లేకుండా 3కి అటూ ఇటూ ఉంటది, పైన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) బోర్డు వేస్తే 0.5 దాకా దిగుద్ది. మన మండపం లెక్కలో 9 టన్నుల వాటా కాస్తా 2 లోపుకి వచ్చేస్తది. అంటే 7 టన్నుల మెషిన్, దాని డక్టు, దాని కేబులు, దాని నెలనెలా బిల్లు, అన్నీ పోయినట్టే. ఇన్సులేషన్ కుదరదంటే కనీసం తెల్ల కూల్ రూఫ్ పెయింట్ అయినా పెట్టి చూడండి, మోడల్లో సోలార్ అబ్జార్ప్‌టెన్స్, అంటే ఎండలో పైకప్పు పీల్చుకునే వాటా, 0.7 నుంచి 0.3కి మార్చడమే, ఒక్క అంకె. ఓనర్‌కి ఇవన్నీ మాటల్లో చెప్తే "చూద్దాంలే బాబూ" అంటారు, స్క్రీన్ మీద టన్నులు దిగడం చూపిస్తే అప్పుడు ఇన్సులేషన్ రేటెంత అని అడుగుతారు.

మండపం 80 టన్నులు అయిందంటే ఇంకో విషయం వచ్చి పడుద్ది. టన్నుకి 1.2 కిలోవాట్ వేసుకున్నా 96 కిలోవాట్లు, లైట్లు, లిఫ్టు, మోటర్లు కలిపితే 100 దాటిపోద్ది. కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు గానీ కాంట్రాక్ట్ డిమాండ్ 120 కేవీఏ గానీ దాటిన కమర్షియల్ బిల్డింగులు ఈసీబీసీ (బిల్డింగుల్లో కరెంటు పొదుపు కోడ్) కిందికి వస్తాయి. అందులో ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి, ఒకటి పట్టికలో రాసిన యూ వాల్యూలు, అద్దాల విలువలు అట్టాగే పాటించడం, రెండోది మొత్తం బిల్డింగ్‌ని సిమ్యులేషన్ చేసి చూపించడం. ఎలివేషన్‌కి అద్దం ఎక్కువ పెట్టాలని ఆర్కిటెక్ట్ పట్టుబడితే రెండో దారే దిక్కు, అప్పుడు ఈ20 పనికిరాదు, ఎనర్జీప్లస్ రకం తప్పనిసరి. ఇళ్ళకైతే 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత ఉంది, అందులో పైకప్పు యూ వాల్యూ 1.2 దాటకూడదు, గోడల వైపు నుంచి వచ్చే వేడి, ఆర్‌ఈటీవీ అంటారు, చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు. దానికి ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు, ఎక్సెల్లో వేసుకున్నా సరిపోద్ది. పైన చెప్పిన 3 యూ వాల్యూ శ్లాబు ఆ 1.2 దగ్గరికి కూడా రాదు, అది గమనించండి.

ఇక రెవిట్. దీని మీద మన పిల్లలకి మోజు ఎక్కువ, కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ అదే. రెవిట్ మంచిదే, కానీ అది జవాబిచ్చే ప్రశ్న వేరు: ఇన్ని పైపులు, డక్టులు, కేబుల్ ట్రేలు ఈ శ్లాబుకీ ఆ ఫాల్స్ సీలింగుకీ మధ్య పడతాయా? ఒక నర్సింగ్ హోమ్ తీసుకోండి. ఫ్లోర్ టు ఫ్లోర్ పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. శ్లాబుతో కలిపి బీమ్ 18 అంగుళాలు, దాని కింద డక్టు 14, ఇన్సులేషన్, హ్యాంగర్‌కి 2, సీలింగ్ ఫ్రేము, లైటుకి 4. మిగిలింది 88, ఏడడుగుల నాలుగంగుళాలు. ఆపరేషన్ థియేటర్ కారిడార్ ఏడున్నర అడుగులు కూడా రాకపోతే ఏ డాక్టరూ ఒప్పుకోరు. ఈ సంగతి పిల్లర్లు లేస్తున్నప్పుడే తెలియాల. రెవిట్ మోడల్లో సెక్షన్ కోస్తే కంటికి కనపడుద్ది, బీమ్ డెప్త్ మారిస్తే డక్టు యాడ తగులుతుందో అదే చూపిస్తది.

అయితే నిజం చెప్పాలంటే పైన నేను చేసిన కూడికలు తీసివేతలు కాగితం మీద కూడా అవుతాయి, గ్రౌండ్ ప్లస్ రెండుకి ఆటోక్యాడ్‌లో నాలుగు సెక్షన్లు గీస్తే చాలు, రెవిట్ అక్కర్లేదు. నాలుగైదు అంతస్తులు, మెడికల్ గ్యాస్ లైన్లు, ఫైర్ లైన్లు, డ్రైనేజీ, ఏసీ అన్నీ వేరే వేరే కాంట్రాక్టర్లు చేసే ఆసుపత్రి అయితే రెవిట్ పెట్టిన ఖర్చు వెనక్కి వస్తది. ఇంకోటి, రెవిట్‌లో కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, చెన్నై ఆర్కిటెక్ట్ ఏ వెర్షన్ వాడుతున్నారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. స్టూడెంట్లకి ఆటోడెస్క్ ఫ్రీగా ఏడాది లైసెన్స్ ఇస్తది, రెన్యూ చేసుకోవచ్చు, నేర్చుకునేదానికి అదే వాడండి, దాంతో డబ్బులు తీసుకునే పని చేయొద్దు. క్రాక్ వెర్షన్ల జోలికి అసలు పోవద్దు, వైరస్ ఒకెత్తు, మీరిచ్చిన డ్రాయింగ్ రేపు ఆసుపత్రి అనుమతుల ఫైల్లో ఉంటది, దాని మీద మీ పేరు ఉంటది. డబ్బుల్లేవంటే ఫ్రీక్యాడ్ ఉంది, 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి బిమ్ (బిల్డింగ్ త్రీడీ మోడల్) వర్క్‌బెంచ్ దాంట్లోనే కలిసి వస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ల నుంచి మోడల్ తెచ్చుకునే ఐఎఫ్‌సీ ఫైళ్ళు తెరుస్తుంది. రెవిట్ అంత సుఖం కాదు గానీ నిజాయితీగా పని నడుస్తుంది.

ఆపరేషన్ థియేటర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, దాని ఏసీకి హ్యాప్ అయినా ఈ20 అయినా ముందు గాలి లెక్క చేతితో వేసుకోండి. ఆసుపత్రుల గాలి మీద ఉన్న అష్రే 170 స్టాండర్డ్ గంటకి 20 సార్లు గాలి మారాలంటుంది, అందులో 4 బయట గాలి. 20 బై 20, ఎత్తు 10 అడుగులు అంటే 4,000 ఘనపుటడుగులు, ఇరవైతో గుణించి అరవైతో భాగిస్తే 1,333 సీఎఫ్ఎమ్. టన్నుల లెక్కన చూస్తే ఇంత గాలి అవసరం రాకపోవచ్చు, అయినా తగ్గించేదానికి లేదు. సాఫ్ట్‌వేర్‌కి ఈ కనీసం మీరు చెప్పకపోతే అది టన్నులకి సరిపడా గాలి మాత్రమే ఇచ్చి ఊరుకుంటది.

కోల్డ్ స్టోరేజీ, రొయ్యల ప్లాంట్ల పని వస్తే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టేయండి. ఎనర్జీప్లస్, హ్యాప్ ఇవి మనుషులుండే బిల్డింగుల కోసం తయారైనవి. మైనస్ 18, 20లో ఉండే గదికి అసలు లోడు సరుకుది, తలుపు తెరిచినప్పుడు వచ్చే వేడి గాలిది. డాన్‌ఫాస్ వాళ్ళ కూల్‌సెలెక్టర్2 ఫ్రీగా దొరుకుద్ది, కోల్డ్ రూమ్ లోడు లెక్క వేస్తది, వాల్వులు పైపు సైజులు కూడా చూపిస్తది, చిన్న గదులకి మొదటి అంచనాగా బాగుంటది. రోజుకి ఎన్ని టన్నుల వనామి రొయ్య లోపలికి వస్తుంది, ఏ టెంపరేచర్‌లో వస్తుంది, తలుపు ఎన్నిసార్లు తెరుస్తారు అనేది మాత్రం ప్లాంట్ సూపర్‌వైజర్‌ని అడిగి రాసుకోవాల్సిందే, సీజన్లో ఒకటి, మామూలు రోజుల్లో ఒకటి చెప్తారు, రెండూ రాసుకోండి. అమ్మోనియా పెద్ద ప్లాంట్ అయితే అది స్పెషలిస్టుల పని, సాఫ్ట్‌వేర్ చూసి మనం దిగకూడదు.

లైటింగ్‌కి పెద్ద ఆలోచన లేదు, డయలక్స్ ఇవో అనే సాఫ్ట్‌వేర్. ఫ్రీ, విండోస్‌లో నడుస్తుంది, లైటు కంపెనీ వాళ్ళు ఇచ్చే ఐఈఎస్ ఫైల్ (ఆ లైటు వెలుగు ఏ వైపు ఎంత పడుద్దో చెప్పేది) పెట్టుకుంటే గదిలో యాడ ఎన్ని లక్సులు పడుతున్నాయో రంగుల్లో చూపిస్తది. క్లాసు రూముకి 300 లక్సులు పెట్టుకోండి, మెయింటెనెన్స్ ఫ్యాక్టర్ (దుమ్ము పట్టి, పాతబడి వెలుగు తగ్గేదానికి వేసే లెక్క) 0.8 పెట్టండి, మన దుమ్ముకి ఇంకా తగ్గించినా తప్పులేదు. కంపెనీ వాళ్ళే ఫ్రీగా డయలక్స్ రిపోర్ట్ చేసిస్తామంటారు, తీసుకోండి గానీ గోడల రంగు, సీలింగ్ రిఫ్లెక్షన్ ఎంత పెట్టారో చూడండి, తెల్ల గోడలు పెట్టి లెక్క చూపించి ఉంటే మీ ఓనర్ నేవీ బ్లూ వాల్‌పేపర్ వేస్తే ఆ లెక్క చెల్లదు.

ప్లంబింగ్‌కి ఎక్సెల్ చాలు. ఇంటికి మనిషికి రోజుకి 135 లీటర్లు, వంద పడకల లోపు ఆసుపత్రికి పడకకి 340 లీటర్లు, ఇవి ఎన్‌బీసీలో (నేషనల్ బిల్డింగ్ కోడ్) ఉన్నాయి, ట్యాంకులు అక్కడి నుంచి తేలతాయి. నీళ్ళ పైపుల నెట్‌వర్క్ లెక్క వేసే ఈపీఏనెట్ ఫ్రీ కదా అని బిల్డింగు లోపలి పైపులకి పెట్టొద్దు, అది లేఅవుట్లకి, కాలేజీ క్యాంపస్‌లకి. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో తాగే నీళ్ళ లైను వేరుగా తీయాలి, డ్రాయింగులో రంగు మార్చి గీయండి, ఏ సాఫ్ట్‌వేరూ అది గుర్తుచేయదు. కరెంటు కేబుల్ సైజు, వోల్టేజ్ డ్రాప్ కూడా ఎక్సెల్లోనే. కరెంటు సిస్టమ్ లెక్కలు వేసే ఈట్యాప్ ఫ్యాక్టరీలకి, సబ్‌స్టేషన్లకి.

సోలార్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాల. పీవీవాట్స్ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొట్టి, కిలోవాట్లు, వాలు ఇస్తే ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో నిమిషంలో చెప్పుద్ది, ఖాళీ డాబాకి అది చాలు. కానీ మన ఇళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకు వాస్తు ప్రకారం నైరుతిలో, అన్నిటికంటే ఎత్తులో ఉంటది. మధ్యాహ్నం దాటాక, ముఖ్యంగా డిసెంబర్, జనవరిలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉన్నప్పుడు ఆ ట్యాంకు నీడ డాబా మీద ఈశాన్యం వైపు సాగుద్ది. పీవీవాట్స్‌కి ఆ ట్యాంకు కనపడదు, మీరు నష్టం ఇంత శాతం అని ఊహించి ఇవ్వాల్సిందే. పీవీసిస్ట్ అనే సోలార్ సాఫ్ట్‌వేర్‌లో ట్యాంకుని, పిట్టగోడని, పక్కింటి మూడో అంతస్తుని త్రీడీలో పెట్టి గంట గంటకీ నీడ ఎట్టా కదులుతుందో చూడొచ్చు, ప్యానెల్ని రెండడుగులు తూర్పుకి జరిపితే ఎన్ని యూనిట్లు పెరిగాయో చూడొచ్చు. 30 రోజుల ట్రయల్ ఉంది. 3 కిలోవాట్ల ఇంటి మీద పనికి దాన్ని కొనక్కర్లేదు, స్కెచప్‌లో డబ్బా గీసి డిసెంబర్ నీడ ఆన్ చేసి చూసినా అర్థమవుద్ది. 50, 100 కిలోవాట్ల రైస్ మిల్లు షెడ్డు అయితే పీవీసిస్ట్ చేయకుండా బ్యాంకు దగ్గరికి పోవద్దు.

ఒకటి గుర్తు పెట్టుకోండి, పీవీసిస్ట్ యూనిట్లు చెప్పుద్ది గానీ గాలికి ప్యానెల్ ఉంటుందా లేస్తుందా చెప్పదు. బిల్డింగుల మీద గాలి లోడు చెప్పే ఇండియన్ కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకి బేసిక్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్ళనడగండి గాలి ఏం చేస్తుందో. స్ట్రక్చర్, యాంకర్ బోల్టులు స్టాడ్ (స్ట్రక్చర్ లెక్కల సాఫ్ట్‌వేర్)లో గానీ, కనీసం చేతితో గానీ గాలికి చెక్ చేయించండి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల స్టాండ్లకి కూడా ఇదే. 2015లో మార్చిన ఆ కోడ్‌లో తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు తుపాను ఫ్యాక్టర్ ఒకటి కొత్తగా పెట్టారు, ఆసుపత్రుల్లాంటి, తుపాను తర్వాత కూడా నడవాల్సిన వాటికి 1.30, ఇండస్ట్రియల్ వాటికి 1.15. నర్సింగ్ హోమ్ పైన సోలార్ పెడితే ఇది మర్చిపోకూడదు.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా యూనిట్ల దగ్గర జాగ్రత్త. ఓనర్ స్థలం అంకణాల్లో చెప్తారు, మేస్త్రి అడుగుల్లో, ఆర్కిటెక్ట్ మిల్లీమీటర్లలో, ఎనర్జీప్లస్ మీటర్లలో అడుగుద్ది. జవాబు రాగానే మొదట చూడాల్సింది టన్నుకి ఎన్ని చదరపు అడుగులు పడిందని. మామూలు ఆఫీసుకి 100, 200 మధ్య కాకుండా 40 గానీ 600 గానీ వచ్చిందంటే ఎక్కడో యూనిట్ తేడా కొట్టింది, రిపోర్ట్ ప్రింట్ తీయకముందే వెనక్కి పోయి వెతకండి.

ఇక స్టూడెంట్లకి. ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్ ఉంటే ఈ20, ఓపెన్‌స్టూడియో, చిన్న గదులకి డయలక్స్ నడుస్తాయి, రెవిట్‌కి 16 అయినా ఉండాల. ముందు ఈ20 చేతితో నింపడం రావాల, ప్రతి గడిలో అంకె ఎందుకు వచ్చిందో చెప్పగలగాల, ఆ తర్వాత ఓపెన్‌స్టూడియో, ఉద్యోగం చూసుకునేటప్పుడు హ్యాప్, రెవిట్. ఓపెన్‌స్టూడియోలో మొదటి మోడల్‌గా ఎవరిదో ఆఫీస్ ట్యుటోరియల్ చేయొద్దు, మీ ఇల్లే గీయండి. నెల్లూరు ఫైల్ పెట్టండి, ఇంట్లో ఎంతమంది, ఏసీ ఏ టైములో వేస్తారు, ఫ్యాన్లు ఎన్ని, ఫ్రిజ్, మోటర్, అన్నీ అమ్మని అడిగి రాసుకోండి, నాన్నని అడిగితే తక్కువ చెప్తారు. రన్ చేసి నెలనెలా యూనిట్లని 12 నెలల కరెంటు బిల్లుల పక్కన పెట్టండి. అష్రే గైడ్‌లైన్ 14 నెలవారీ బిల్లులతో పోల్చేటప్పుడు మొత్తం మీద తేడా 5 శాతం లోపు, నెలల వారీ చెదురు 15 శాతం లోపు ఉంటే మోడల్ కుదిరినట్టు అంటుంది. మొదటిసారి అంత దగ్గరికి రాదు, ఏప్రిల్, మే నెలలు ముందు సరిచేయండి, అక్కడ తేడా ఎక్కువగా ఏసీ టైమింగ్స్ దగ్గరే దొరుకుద్ది.